క్యాలెండర్‌లో ఎముకలు ఎవరి కోసం నవ్వాయి?

సంపాదకుల వారికి నమస్కారం.

పాత మందుల ప్రకటనల మీద మీ ఆదివారం సంచికలో రెండు పేజీల నిండా బొమ్మలతో వేసిన కథనం చూశాను. టోపీలు, కోట్లు తొడుక్కుని పళ్లికిలిస్తున్న అస్థిపంజరాల బొమ్మలు, రంగులు చక్కగా పడ్డాయి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఉండి తలనొప్పి, జ్వరం మాత్రలు అమ్మిన యాంటీకామ్నియా కెమికల్ కంపెనీ 1897 నుంచి 1901 వరకు ఏటా వేసిన క్యాలెండర్లవి. నా పేచీ బొమ్మలతో కాదు, వాటి కింద మీరు వేసిన వ్యాఖ్యలతో. ప్రాణాలు తీసే మందు అమ్ముతూ ఆ కంపెనీ తెలిసో తెలియకో మృత్యువునే గోడకు తగిలించిందని, రాబోయేదాన్ని ఆ బొమ్మలు ముందే చెప్పేశాయని మీ రచయిత తేల్చేశారు. వినడానికి భలే ఉంది, వాట్సాప్‌లో నలుగురికీ పంపడానికి ఇంకా బాగుంటుంది, కానీ అసలు జరిగింది అది కాదు. ఆ తర్వాతి వారం ఒక పాఠకురాలు పిల్లలున్న ఇంటికొచ్చే పేపర్లో ఈ దెయ్యాల బొమ్మలేమిటని కోప్పడుతూ ఉత్తరం రాశారు. ఆవిడ కోపం నాకు అర్థమైంది గానీ ఆవిడ కూడా ఎముకల దగ్గరే ఆగిపోయారు.

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చాలా ఏళ్లు చేసి రిటైరయినవాణ్ణి. వరంగల్, కరీంనగర్, ఖమ్మం జిల్లాల్లో బ్యాగు పట్టుకుని తిరగని క్లినిక్ లేదు, డిసెంబరు వచ్చిందంటే ఆ బ్యాగులో క్యాలెండర్లు, డైరీలే. అందుకే ఈ సంగతి మీద నాలుగు మాటలు రాయాలనిపించింది, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి, కత్తిరిస్తే మాత్రం చివరి భాగం కత్తిరించకండి.

ముందు ఆ బొమ్మలు వేసినాయన గురించి. మీ కథనంలో ఆయన పేరే లేదు, అది నాకు బాధనిపించింది. ఆయన పేరు లూయిస్ క్రూసియస్. ప్రకటనల ఏజెన్సీ మనిషి కాదు, ముందు ఫార్మసీ చదివి తర్వాత వైద్యం చదివిన డాక్టరు. తాను పనిచేసే మందుల షాపు అద్దాల్లో పెట్టడానికి సరదాగా ఈ ఎముకల బొమ్మలు గీసేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి నవ్వుకునేవాళ్లు. చాలావాటిని అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేశాడట, కొన్నిటిని యాంటీకామ్నియా కంపెనీకి అమ్మాడు. 1898లోనే కిడ్నీ క్యాన్సర్‌తో చనిపోయాడు. అంటే 1899, 1900, 1901 క్యాలెండర్లు గోడలెక్కేసరికి గీసిన మనిషి లేడు. కంపెనీ మీద వ్యంగ్యంగానో, జోస్యంగానో ఆయన ఏదో గీశాడనడానికి ఆధారమేమీ లేదు. షాపు అద్దం కోసం గీసినవి క్యాలెండర్‌కు ఎక్కాయి, అంతే.

మరి డాక్టరుకు అస్థిపంజరం నవ్వెందుకు తెప్పిస్తుంది? మీ దగ్గర్లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పిల్లలెవరైనా ఉంటే అడగండి. సీనియర్ల దగ్గర కొన్న బోన్ సెట్ మంచం కింద అట్టపెట్టెలో ఉంటుంది, పరీక్షలప్పుడు తొడ ఎముకను పక్కన పెట్టుకుని నిద్రపోతారు, పుర్రెకు పేరు కూడా పెట్టుకుంటారు. బయటివాళ్లకు వణుకు పుట్టించేది వాళ్లకు పాఠ్యపుస్తకం. ఇది ఇప్పటి అలవాటేమీ కాదు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు అచ్చు వేయించిన శరీర నిర్మాణ పటాల్లోనే ఒక అస్థిపంజరం పార మీద చెయ్యానించి ఆకాశంకేసి చూస్తుంటుంది, ఇంకొకటి బల్ల మీది పుర్రె మీద చెయ్యివేసి ఏదో ఆలోచిస్తుంటుంది. అంటే ఎముకలకు వేషం కట్టించడం వైద్యుల ఇంటి సంప్రదాయమే. దానికి పక్కన ఇంకో పాయ ఉంది, యూరప్‌లో మృత్యువు రాజునీ పోపునీ రైతునీ ఒకేలా లాక్కుపోయే బొమ్మలు. హోల్బైన్ అనే చిత్రకారుడు గీసి 1538లో అచ్చయినవాటిలో వైద్యుణ్ణి కూడా వదల్లేదు. ముసలి రోగిని వెంటబెట్టుకుని మృత్యువే క్లినిక్‌కు వస్తుంది, అతని మూత్రం సీసా వైద్యుడి చేతికందిస్తుంది, చూసి చెప్పు అన్నట్టు! నాకు ఆ బొమ్మ చాలా ఇష్టం. క్రూసియస్ రెండు పాయల్నీ కలిపాడు గానీ ఒక్కటి తీసేశాడు. ఆయన ఎముకలు ఎవర్నీ పట్టుకుపోవు. మామూలు పనుల్లో ఉంటాయి, బట్టలేసుకుంటాయి, పోజులిస్తాయి. భయం తీసేసి వేషం మాత్రం ఉంచాడు కాబట్టే అది డాక్టరు బల్ల ముందు ఏడాదంతా వేలాడగలిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ కథనం అడగనిది. ఆ క్యాలెండర్ ఎవరింటికి వెళ్లింది? రోగుల ఇళ్లకు వెళ్లలేదు. తాను వైద్యుడినని రుజువు చూపి తపాలా ఖర్చులకు కాసిని సెంట్లు పంపినవాళ్లకే కంపెనీ పంపేది. ఆ రోజుల్లో అమెరికాలో మందుల వ్యాపారం రెండు దారుల్లో నడిచేది. ఒకటి పేపర్లలో, గోడల మీద సర్వరోగ నివారిణి అంటూ జనానికి నేరుగా అమ్మే సీసాల దారి. రెండోది మేం పెద్దమనుషులం, డాక్టర్ల ద్వారానే వెళ్తాం అనే దారి. యాంటీకామ్నియా రెండో దారిలో నడిచింది. వైద్య పత్రికల్లో ప్రకటనలు, డాక్టర్లకు శాంపిళ్లు, కానుకలు. గుండ్రటి తెల్ల మాత్ర, దాని మీద ఏ, కే అనే అక్షరాల ముద్ర. తలనొప్పి, జ్వరం, నరాల నొప్పులు, అన్నిటికీ అదే. దాంతోపాటు కోడీన్ కలిపిన రకం, క్వినైన్ కలిపిన రకం, ఆఖరికి హెరాయిన్ కలిపిన రకం కూడా ఉండేవి. హెరాయిన్ అప్పట్లో దగ్గు మందుగా చట్టబద్ధంగానే అమ్మేవాళ్లు కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని గుండెలు బాదుకోనక్కర్లేదు. గుండెలు బాదుకోవాల్సింది వేరే ఉంది.

ఆ మాత్రలో పనిచేసే సరుకు అసెటానిలైడ్. తారు నుంచి తీసే రసాయనాల కుటుంబంలోది, రంగుల పరిశ్రమలో వాడేది. అది మందు కావడమే ఒక పొరపాటు కథ. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు పేగుల్లో పురుగులున్న రోగికి నాఫ్తలిన్ ఇద్దామనుకుంటే మందుల షాపు నుంచి తప్పుగా ఇది వచ్చింది. పురుగులకేమీ కాలేదు గానీ జ్వరం దిగిపోయింది! ఏడాది తిరక్కుండానే అది యాంటీఫెబ్రిన్ పేరుతో బజార్లోకి వచ్చేసింది, చవక కూడా. కానీ ఎక్కువైతే, ఒక్కోసారి కాస్తే పడినా, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రకంగా మార్చేస్తుంది, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, గుండె నీరసిస్తుంది. ఈ సంగతి వైద్యులకు మొదటి ఏళ్లలోనే తెలుసు. మరి తెలిసిన డాక్టర్లు యాంటీకామ్నియా ఎందుకు రాశారు? తాము రాస్తున్నది అసెటానిలైడేనని చాలామందికి తెలియదు కాబట్టి. కంపెనీ దాన్నొక కొత్త సమ్మేళనంలా ప్రచారం చేసుకుంది. రసాయన శాస్త్రజ్ఞులు విడదీసి చూస్తే తేలింది అసెటానిలైడ్, దానికి తోడు వంటసోడా లాంటి మామూలు పదార్థాలు. అర్థణాకు దొరికే సరుకును అణాలు పెట్టి, పేరు తెలియకుండా అమ్మారు.

మీ వ్యాఖ్యతో నాకు తగాదా ఇక్కడే. కంపెనీ మృత్యువును దాచకుండా గోడకు తగిలించిందని మీరు రాశారు. నిజానికి కంపెనీ దాచింది మాత్రలో ఏముందన్న సంగతిని, అది బొమ్మలోనూ లేదు, లేబుల్ మీదా లేదు. బొమ్మ పని వేరే. డాక్టరు నవ్వాలి, నవ్వినప్పుడల్లా పక్కనున్న పేరు చూడాలి, మధ్యాహ్నం తలనొప్పితో ఎవరో వచ్చినప్పుడు చేతికి ఆ పేరే రావాలి. మీరు అచ్చు వేసిన బొమ్మల్లో కంపెనీ పేరున్న భాగాన్ని అందం కోసం కాబోలు కత్తిరించేశారు. దాంతో ప్రకటన కాస్తా కళ అయిపోయింది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి కదా. 1905 జూన్‌లో కాలియర్స్ అనే అమెరికన్ వారపత్రికలో కెంబుల్ అనే కార్టూనిస్టు మందుల వ్యాపారం మీద ఒక పెద్ద పుర్రె గీశాడు, చుట్టూ మందు సీసాలు, డబ్బు సంచులు. అదే ఏడాది అదే పత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ వరస వ్యాసాలు మొదలుపెట్టి అసెటానిలైడ్ తలనొప్పి పొడుల్ని కూడా చీల్చి చెండాడాడు. చూడండి, పుర్రె ఒకటే, ఎనిమిదేళ్ల కిందట కంపెనీ చేతిలో జోకు, ఇప్పుడు పత్రిక చేతిలో వాత. 1905లోనే అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ల మండలి ఇలాంటి మిశ్రమాల్ని విశ్లేషించి ఫలితాలు తమ జర్నల్లో వేసింది, యాంటీకామ్నియా గుట్టు డాక్టర్ల ముందే రట్టయింది. 1906లో చట్టం వచ్చింది. మాత్రలో అసెటానిలైడ్ గానీ దాని నుంచి తయారైనవి గానీ ఉంటే లేబుల్ మీద రాసి తీరాలి. నిషేధం కాదు, రాయమన్నారు, అంతే!

కంపెనీ ఏం చేసిందో తెలుసా? అసెటానిలైడ్ తీసేసి అసెట్‌ఫెనెటిడిన్ పెట్టింది. ఇది దాని దగ్గరి చుట్టమే, మందుల షాపుల్లో ఫెనాసెటిన్ అంటారు. పెట్టి, ఇందులో అసెటానిలైడ్ లేదని లేబుల్ మీద గర్వంగా వేసుకుంది. ప్రభుత్వం సరుకు పట్టుకుంది, కేసు నడిచింది, కింది కోర్టులు కంపెనీ వైపే మొగ్గాయి. 1914లో అమెరికా సుప్రీంకోర్టు తిరగేసింది. ఉన్నది దేని నుంచి వచ్చిందో కూడా కొనేవాడికి తెలియాలి, తెలివైన మాటలతో తప్పించుకోవడం కుదరదంది. నన్నడిగితే మీ రెండు పేజీల్లో సగం పేజీ ఈ కేసుకు ఇవ్వాల్సింది. అందులో అస్థిపంజరం లేదు కాబట్టి బొమ్మ దొరికి ఉండదు, అది నేనర్థం చేసుకోగలను.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, ఎప్పుడో జరిగిపోయిందనుకుంటున్నారా? ఆ ఫెనాసెటిన్ మన దాకా వచ్చింది. కాస్త వయసున్న పాఠకులకు సర్కారు దవాఖానాలో కాగితంలో చుట్టి ఇచ్చిన ఏపీసీ మాత్రలు గుర్తుండే ఉంటాయి. ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్ కలిపితే ఏపీసీ. ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పాడు చేస్తుందని తేలి ఫెనాసెటిన్‌ను దేశదేశాల్లో తీసేశారు, అమెరికాలో 1983లో. ఈ కుటుంబంలో ఇంకో బిడ్డ ఉంది, పారాసెటమాల్. 1893లోనే జర్మనీలో ఫాన్ మెరింగ్ అనే వైద్యుడు దాన్ని రోగుల మీద పరీక్షించి, ఇది కూడా రక్తాన్ని పాడుచేస్తుందని పొరపాటుగా పక్కన పెట్టేశాడు. 1948లో న్యూయార్క్‌లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు అసెటానిలైడ్ ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో చూస్తే, నొప్పి తగ్గించేది పారాసెటమాల్‌గా మారిన భాగమని, రక్తాన్ని చెడగొట్టేది అనిలిన్ అనే రసాయనంగా మారిన కొంచెమని తేలింది. అంటే నీలం పెదాల బాధ లేకుండానే ఆ మందు మనుషులకు అందే వీలు యాభై ఏళ్లకు పైగా పక్కనే ఉంది. కొవిడ్ రోజుల్లో మనింట్లో ప్రతి అల్మారాలో ఉన్న ఆ తెల్ల మాత్ర, ఆ నవ్వే ఎముకల క్యాలెండర్ ఇచ్చిన మాత్ర కడుపులోంచి పుట్టినదే ఒక రకంగా. ఇది చెబితే మీ పాఠకులు ఆ బొమ్మల్ని ఇంకోసారి తిరగేసి చూసేవాళ్లు.

ఇక మా వృత్తి సంగతి. డాక్టరు గది బయట వెయిట్ చేసి చేసి లోపలికి పిలుపొస్తే రెండు నిమిషాలు దొరుకుతాయి. విజువల్ ఎయిడ్ తీసి రంగురంగుల పేజీలు తిప్పాలి, శాంపిల్ పెట్టాలి, గిఫ్ట్ ఇవ్వాలి, సార్ మన బ్రాండ్ గుర్తుంచుకోండి అనాలి. నేను చేసిన ఒక కంపెనీలో ట్రైనింగ్‌లోనే చెప్పారు, సైడ్ ఎఫెక్ట్స్ అడిగితే చెప్పండి, అడక్కపోతే పేజీ తిప్పేయండి అని. చిన్నక్షరాల్లో ఆఖరి పేజీలో ఉండేవి అవి. గిఫ్ట్ ఎంత బాగుంటే ఆ నెల టార్గెట్ అంత టెన్షన్ లేకుండా గడిచేది. పెన్ స్టాండ్ ఇచ్చిన మందు కన్నా గోడ గడియారం ఇచ్చిన మందు ఎక్కువ కదిలేది, మా ఏరియాలో అందరికీ తెలిసిన సంగతే. డాక్టర్లంతా అమ్ముడుపోయారని నేననడం లేదు. గిఫ్ట్ వద్దని బ్యాగు వైపు చూడకుండా మందు గురించి మాత్రమే అడిగే పెద్దాయనలు ఉండేవాళ్లు, వాళ్ల గదిలోకి వెళ్లాలంటేనే మాకు భయం, ఎందుకంటే చదువుకుని వెళ్లాల్సి వచ్చేది. కానీ గోడ మీద రోజూ కనబడే పేరు చేతిలోకి వస్తుందన్నది సెయింట్ లూయిస్‌లో ఎంత నిజమో హనుమకొండలోనూ అంతే నిజం. అక్కడ ఎముకలు, మా కాలంలో కొండలూ జలపాతాలూ పసిపిల్లల ఫొటోలూ.

ఆ పాఠకురాలికి ఒక్కమాట, అమ్మా, పుర్రె బొమ్మ పిల్లలు చూడకూడనిదేమీ కాదు. పత్తి చేలకు కొట్టే మందుల్లో అత్యంత విషపూరితమైన వాటి డబ్బా మీది హెచ్చరిక గుర్తులో కింద సగం ఎరుపు, పై సగంలో పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు ఉండాలని మన నిబంధనలే చెబుతున్నాయి. చదువు రాని కూలీకి కూడా ఆ గుర్తు తెలుసు. అక్కడ ఎముకలు నిజం చెబుతాయి, కొనేవాడికి, వాడేవాడికి, నేరుగా. మీ పిల్లలకు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించండి, ఏది ఎవరితో ఏం మాట్లాడుతోందో వాళ్లే చెబుతారు.

కత్తిరించొద్దన్న భాగం ఇది. మన దేశంలో డాక్టర్లు మందుల కంపెనీల నుంచి కానుకలు తీసుకోకూడదని వైద్య మండలి నిబంధన 2009 నుంచే ఉంది. తీసుకునేవాళ్లకు నిబంధన ఉండి ఇచ్చేవాళ్లకు గట్టిది లేకపోవడం వల్ల కథ నడుస్తూనే పోయింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలా ఇచ్చిన బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌ల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపుకోవడం కుదరదంది. 2024 మార్చిలో కేంద్ర ఫార్మాస్యూటికల్స్ శాఖ మార్కెటింగ్ పద్ధతుల మీద కొత్త కోడ్ తెచ్చింది. డాక్టర్లకూ వాళ్ల కుటుంబాలకూ కానుకలు బంద్, విహార యాత్రలు బంద్. అయితే పుస్తకాలు, డైరీలు, క్యాలెండర్లు, ఒక్కోటి ₹1000 దాటకుండా ఇచ్చుకోవచ్చు. అవును, క్యాలెండర్లకు అందులో పేరు పెట్టి మరీ అనుమతి ఉంది. ఇంకో సంగతి, ఈ కోడ్ ఉల్లంఘించారని ఫిర్యాదు చేయాలంటే ముందు వెళ్లాల్సింది ఆ కంపెనీల సంఘాలే పెట్టుకున్న ఎథిక్స్ కమిటీల దగ్గరికి. ఈ కోడ్‌ను తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఏ పేపరూ పూర్తిగా వేసినట్టు నా కంటపడలేదు. మీ దగ్గర రెండు పేజీల చోటు ఉందని ఆదివారం తెలిసింది. ఫిర్యాదు ఎలా చేయాలో, ఏ వెబ్‌సైట్‌లో ఆ కమిటీల వివరాలు ఉంటాయో, రోగి తన ప్రిస్క్రిప్షన్ మీద జెనరిక్ పేరు రాయమని అడగొచ్చో లేదో, ఇవన్నీ ఒక ఆదివారం వేయండి. పైన అలంకారానికి క్రూసియస్ బొమ్మ ఒకటి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఈసారి కింద కంపెనీ పేరు మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ రిప్రజెంటేటివ్,
హనుమకొండ